యుస్తీనా ఇవ్వని జవాబు

యుస్తీనా జాలోకార్ తల్లి మంచు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నది మార్చి నెలాఖర్లో. అప్పటికే ఎండలు మొదలయ్యాయి గానీ, పశువుల కొట్టం వెనక నీడపట్టున మాత్రం మంచు ఇంకా పలకలా గట్టిపడి ఉంది. కోళ్ళకి గింజలు వెయ్యడానికి వెళ్ళిన ముసలావిడ అక్కడే కూలబడింది. పట్నం ఆసుపత్రిలో తొడ దాకా పిండికట్టు వేసి పంపారు. ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్ళిద్దరే. తండ్రి ఎప్పుడో పోయాడు. యుస్తీనాకి అప్పుడు ముప్ఫై ఏళ్ళు. లోమ్నిత్స ఊరి బళ్ళో రెండో తరగతి టీచరు.

అవి యుగోస్లావియా రోజులు, కమ్యూనిస్టుల పాలన. బళ్ళో పిల్లలు టీచర్ని కామ్రేడ్ అని పిలిచేవారు. టీచరన్న మనిషి చర్చి గుమ్మం తొక్కకూడదని ఏ కాగితం మీదా రాసి లేదు. రాయాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు. తెలియనివాళ్ళుంటే కదా.

ఈస్టరు ముందురోజు శనివారం మధ్యాహ్నం ఊళ్ళో ఆడవాళ్ళంతా బుట్టలు పట్టుకుని చర్చికి వెళ్తారు. బుట్టలో ఉడకబెట్టిన పంది తొడ, ఉల్లిపొట్టుతో ఎర్రగా రంగేసిన గుడ్లు, ముక్కు పగిలేంత ఘాటుగా ఉండే హ్రెన్ దుంప, ఆక్రోట్ల పిండి చుట్టి కాల్చిన పొతిత్స రొట్టె. పైన కుట్టుపని చేసిన తెల్లగుడ్డ. ఫాదర్ పవిత్ర జలం చల్లి దీవించాక బుట్ట ఇంటికొస్తుంది. మర్నాడు పొద్దున్న ఇంటిల్లిపాదీ ముందు అదే తింటారు. ఆ బుట్ట ఎప్పుడూ తల్లే మోసేది. ఆ ఏడు ఆవిడ కాలు చాపుకుని పొయ్యి పక్కన బల్ల మీద కూర్చుని ఉంది.

"పక్కింటి సిల్కా తీసుకెళ్తానంటోందమ్మా. దాని బుట్టతో పాటు మనదీను," అంది యుస్తీనా.

"సిల్కా చేతికా? పోయినేడు వాళ్ళ తొడ ముక్క ఎంత ఉప్పు కషాయమో నాకు తెలీదా? పక్కపక్కన పెడితే మనదీ తగలడుతుంది."

"ఉప్పు గాల్లో ఎగిరొచ్చి అంటుకుంటుందేమిటమ్మా?"

"నువ్వు వెళ్ళనంటే నేనేం బలవంతం చెయ్యను. నాకేం. యుద్ధంలో జర్మన్లు దారికడ్డంగా తుపాకులు పట్టుకుని నిలబడ్డ ఏడు కూడా ఈ ఇంటి బుట్ట చర్చికి వెళ్ళొచ్చింది. ఇప్పుడు కూతురు టీచరైంది కాబట్టి ఆగిపోయిందని చెప్పుకుంటాను. అడిగినవాళ్ళకే చెబుతాలే."

యుస్తీనాకి దేవుడితో పేచీ ఏమీ లేదు. ఆయన ఉన్నాడనీ అనదు, లేడనీ వాదించదు. చిన్నప్పటి గౌను ఏదో ఒక ఏడాది పొట్టైపోయినట్టు, టీచరు ట్రైనింగుకి వెళ్ళిన రోజుల్లో ఆ నమ్మకమూ పొట్టైపోయింది. దాన్ని తల్చుకుని ఏడ్చిందీ లేదు, గర్వపడిందీ లేదు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం తల్లి మొహం చూసి, బుట్ట చంకనేసుకుని బయల్దేరింది.

చర్చికి రెండు దార్లు. ఒకటి ఊరి నడుమ నుంచి, బడి ముందుగా వెళ్తుంది. రెండోది ఇళ్ళ వెనక, ఆపిల్ తోటల్లోంచి. యుస్తీనా ముందు వెనకదారి వైపే తిరిగింది. మంచు కరిగి అక్కడంతా మడమల్లోతు బురద. కాళ్ళకి సరిహద్దు అవతల ఇటలీలో, త్రియెస్తెలో కొన్న కొత్త బూట్లున్నాయి, సరిహద్దులో పోలీసులకి కనపడకుండా పాత జోడు వదిలేసి కాళ్ళకే తొడుక్కుని తెచ్చుకున్నవి. ఒక్క నిమిషం నిలబడి బురద వైపూ బూట్ల వైపూ చూసి, వెనక్కి తిరిగి పెద్దదారినే నడిచింది. బడి కిటికీలో హెడ్మాస్టరు కోబాల్ పువ్వుల కుండీకి నీళ్ళు పోస్తూ కనిపించాడు. ఆయనా చూశాడు.

పండగ వెళ్ళాక మంగళవారం నాడు బడి కమిటీ ముందుకి రమ్మని పిలుపొచ్చింది. కోబాల్ చెడ్డవాడు కాదు. నడవాలోనే ఆమెని ఆపి గొంతు తగ్గించాడు.

"చూడు యుస్తీనా, మున్సిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. భయపడకు. ఒక్క ముక్క చాలు. అమ్మ కోసం మోశాను, నాకు అలాంటి నమ్మకాలేవీ లేవు అను. అబద్ధం చెప్పమనడం లేదుగా నేను?"

"లేదు. అది నిజమే."

"ఇంకేం మరి? ఆ ముక్క అనేసి వెళ్ళి పాఠం చెప్పుకో."

అనేద్దామనే లోపలికి వెళ్ళింది. మున్సిపాలిటీ ఆయన సన్నగా, శుభ్రంగా, అలసిపోయినట్టున్నాడు. ముందు కాగితం, చేతిలో చెక్కిన పెన్సిలు. తలెత్తకుండానే అడిగాడు, చెప్పుల షాపులో పాదం సైజు అడిగినట్టు.

"కామ్రేడ్ జాలోకార్, మీరు దేవుణ్ణి నమ్ముతారా?"

పెన్సిలు ముల్లు కాగితానికి ఆనించి ఉంది. అవునన్నా కాదన్నా ఒక గీత. యుస్తీనా ఆ ముల్లు వైపు చూసింది. తన లోపల ఉన్నదో లేనిదో ఏదో ఒకటి ఆ ముల్లు కింద గీతగా మారడం ఊహించుకుంది. నోరు తెరిచింది.

"అది మీకు అనవసరం," అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమే ఉలిక్కిపడింది. ఆయన మొదటిసారి తలెత్తాడు. మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే అంది. ఈసారి కాస్త గట్టిగా. కోబాల్ కళ్ళు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచివెళ్తుంటే ఒంట్లో బరువనేదే లేనట్టనిపించింది. అంత తేలికగా అంతకుముందెప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు.

వేసవి సెలవుల తర్వాత ఆమెకి బళ్ళో తరగతి లేకుండా పోయింది. నది ఒడ్డున కలప మిల్లు ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. లారీలకి చీటీలు రాసిచ్చే పని. పొద్దున్నుంచీ రంపం మోత. దారిలో పాత పిల్లలు ఎదురైతే "కామ్..." అని సగంలో ఆగిపోయేవారు. ఇప్పుడామెని ఏమని పిలవాలో వాళ్ళకి తెలిసేది కాదు. ఆమెకీ తెలిసేది కాదు. పిల్లల చేత మొదటిసారి పుస్తకం పైకి చదివించడమంటే ఆమెకి ప్రాణం. అక్షరాల మీద వేలు జారుతూ జారుతూ ఉన్నట్టుండి అవి మాటైపోయినప్పుడు వాళ్ళ మొహాల్లో కనపడేది చూడ్డం కోసమే ఆ ఉద్యోగం. అది మళ్ళీ ఆమెకి దక్కలేదు.

ఇంట్లో తల్లి మాత్రం పొంగిపోయింది. ఆమె తరఫున జవాబు చెప్పడం మొదలుపెట్టిన మొదటి మనిషి ఆవిడే.

"నా కూతురు దేవుడి కోసం ఉద్యోగం వదులుకుంది," అనేది వచ్చినవాళ్ళతో, లోగొంతుకతో.

"అమ్మా, నేనేం దేవుడి కోసం..."

"నాకు తెలుసులేవే. నెమ్మదిగా మాట్లాడు, రోడ్డు మీదికి వినపడుతుంది."

తల్లి కాలు చివరికి వంకరగానే అతుక్కుంది. ఆ కాలు చూసి యుస్తీనా నోరు మూసుకునేది. ఎవరికో బుద్ధి చెప్పడానికి కన్నతల్లి గర్వాన్ని ఎందుకు తుంచాలి? ఒకరిద్దరు సంబంధాలడుగుతూ వచ్చారు. చర్చి మనిషని ఒకడు వెనక్కి తగ్గాడు, చర్చి మనిషనే ఇంకొకడు ముందుకొచ్చాడు. రెండోవాడి మీద ఆమెకి ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. పెళ్ళి చేసుకోలేదు.

తర్వాత దేశం విడిపోయి స్లొవేనియా అయింది. నిన్నటిదాకా కమిటీల్లో కూర్చున్నవాళ్ళు ఆదివారం పూజలో కనపడసాగారు. యుస్తీనాకి కొత్త మేయరు అద్దం కట్టించిన ప్రశంసాపత్రం ఇచ్చాడు. చర్చిలో ముందువరస బల్ల మీద చోటిచ్చారు. బళ్ళోకి మళ్ళీ రమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఉద్యోగానికి అప్పటికే వేరే పిల్ల ఉంది, కంప్యూటరు వచ్చిన పిల్ల.

ముందువరస చోటుని ఆమె వద్దనలేకపోయింది. ఎందుకంటే ప్రతి ఆదివారం తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళేది ఆమే. తల్లి మోకరిల్లలేదు కాబట్టి కూర్చునేది, పక్కన యుస్తీనా కూర్చునేది. తల్లి పోయాక వచ్చిన మొదటి ఆదివారం వెళ్ళకూడదనుకుంది. కోటు తొడుక్కుని, విప్పి, కిటికీలోంచి చూస్తే సిల్కా గేటు దగ్గర నిలబడి ఉంది, ఒంటరిదాన్ని తోడు తీసుకెళ్దామని. వెళ్ళింది. పై ఆదివారం కూడా వెళ్ళింది. అలా ఏళ్ళు గడిచాయి. పాటలు బాగుండేవి. మిగతా సమయమంతా ఆమె మేరీమాత విగ్రహం పాదాల దగ్గర పెచ్చులూడిన నీలిరంగు వైపు చూస్తూ కూర్చునేది. ఎవరూ ఆమెని బలవంతం చెయ్యలేదు. అదే కష్టం. బలవంతం చేసేవాళ్ళుంటే ఎదురు చెప్పడం ఆమెకి వచ్చు.

ఆమెకి డెబ్భై దగ్గరపడుతుండగా మతేవ్జ్ వ్యాసం వచ్చింది. మతేవ్జ్ ఆమె చివరి తరగతిలో కుర్రాడు. ఇప్పుడు ల్యుబ్లియానాలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు, శనివారం పేపర్లో పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తాడు. స్వేచ్ఛ గురించీ, విశ్వాసం గురించీ, ఈ కాలపు మనిషి గురించీ. యుస్తీనా పెరట్లో ఆకుకూర మడి తవ్వుకుంటుంటే సిల్కా పేపరు ఊపుకుంటూ వచ్చింది.

"ఒసే, నువ్వు మహాత్మురాలివైపోయావే! చేతులు కడుక్కునిరా!"

సిల్కా అరుగు మీద కూర్చుని కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది. నేటి మనిషికి తెరిచిన తలుపులు వెయ్యి, నిలబడే గడప ఒక్కటీ లేదు అని రాశాడు మతేవ్జ్. ఇష్టమొచ్చిన సరుకు ఏరుకోవడమే స్వేచ్ఛనుకుంటున్నాం, ఇష్టం మారగానే మనమూ మారిపోతున్నాం, చివరికి ఎవరో ఒకరు ఎత్తి ఎక్కడ పెడితే అక్కడ ఉంటున్నాం అన్నాడు. తనకంటే పెద్దదైన దేన్నో పట్టుకున్నవాడే తనని పట్టి లాగేవాటిని కాదనగలడు అన్నాడు. దానికి దృష్టాంతం తన రెండో తరగతి టీచరు. ఊరి నడుమ నుంచి, పట్టపగలు, బుట్ట పట్టుకుని బడి ముందుగా నడిచిన మనిషి. "వెనకదారి ఉంది. ఆమెకి తెలుసు. ఆమె ఆ దారిన వెళ్ళలేదు."

సిల్కా ఆగి కళ్ళజోడు పైనుంచి చూసింది.

"కొత్త బూట్లు కదే నీవి?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. యుస్తీనాకి ముందు ఆగింది నవ్వు.

"రాసి చెప్పు వాడికి," అంది సిల్కా. "బూట్ల సంగతి. మిగతాది..." పేపరు మడిచింది. "మిగతాది ఇన్నేళ్ళలో నేనెప్పుడూ నిన్నడగలేదు."

"ఇప్పుడూ అడక్కు."

"అడగన్లే తల్లీ. నాకేం పని లేదా?"

వ్యాసం పుస్తకంలోకెక్కింది. పుస్తకం అమ్ముడుపోయింది. పక్క లోయల నుంచి జనం బస్సుల్లో వచ్చి చర్చి చూసి, గేటు దగ్గర నిలబడి ఆమె ఇల్లు చూసి వెళ్ళేవారు. కొందరు తలుపు తట్టి ఆమె చేతులు పట్టుకునేవారు. బడి పిల్లల్ని వరసగా తీసుకొచ్చారు ఒకసారి. ఆమె గబగబా కళ్ళజోడు తెచ్చుకుంది, ఏదైనా చదివించమంటారేమోనని. ధైర్యం గురించి రెండు మాటలు చెప్పమన్నారు.

ఇక లాభం లేదని మతేవ్జ్‌కి తనే ఫోను చేసింది. అతను పై వారమే వచ్చాడు. మనిషి బట్టతలైనా మొహంలో ఆ రెండో తరగతి చురుకు అలాగే ఉంది. ఆమె ఆపిల్ చుట్టలు కాల్చి పెట్టింది. బల్ల మీద ఫోను పెట్టి "మీరేమీ అనుకోకపోతే రికార్డు చేసుకుంటాను టీచరుగారూ," అన్నాడు. ఆమె పళ్ళెం అతని వైపు జరిపింది.

"మతేవ్జ్, వెనకదారి బురదగా ఉందిరా. నా బూట్లు కొత్తవి. అందుకని పెద్దదారిన వెళ్ళాను."

అతను నవ్వాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత బాగా చెప్పారు! గొప్ప పనులు చేసేవాళ్ళకి తాము చేస్తున్నది గొప్పదని తెలీదు, బూట్ల గురించి ఆలోచిస్తుంటారు. నేను రాయలేకపోయింది అదే!"

"అది కాదురా. బుట్ట నేను దేవుడి కోసం మొయ్యలేదు. మా అమ్మ కోసం మోశాను."

"మరి కమిటీలో ఆ మాట అనేస్తే సరిపోయేదిగా? కోబాల్ మాస్టారు బతికుండగా నాతో చెప్పారు, ఒక్క ముక్క అడిగానని. మీరనలేదు."

"అనలేదు."

"ఎందుకని?"

యుస్తీనా ఆపిల్ చుట్ట మీంచి బల్ల మీద రాలిన పంచదార పొడిని వేలితో పక్కకి తుడిచింది. "లోపల ఏముందో వాళ్ళకి చూపించాల్సిన పని లేదనిపించింది. ఉన్నా సరే, లేకపోయినా సరే. అంతే. నువ్వు రాసినట్టు పెద్దదాన్ని దేన్నో పట్టుకుని నిలబడలేదు నేను. అక్కడ పట్టుకోడానికి ఏమీ లేదు, ఒట్టి గది. అయినా నా గదే కదా అనిపించింది."

మతేవ్జ్ ముందుకి వంగాడు. అతని గొంతు చాలా మెత్తగా, ప్రేమగా ఉంది.

"టీచరుగారూ, ఇప్పుడు మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యరు. ఇప్పుడు చెప్పండి. మీరు నమ్ముతారా, నమ్మరా?"

నమ్మనురా అనడానికి ఆమె నోరు తెరిచింది. ఫోను మీద చిన్న ఎర్రచుక్క వెలుగుతోంది. ఆ మాట ఒక్కటీ అంటే బస్సులాగిపోతాయి, ముందువరస ఖాళీ అవుతుంది, తనకి పట్టుకున్నదంతా వదిలిపోతుంది. కానీ ఆనాడు అన్నం పెట్టే ఉద్యోగం పోయినా ఇవ్వని దాన్ని ఈనాడు ఆపిల్ చుట్టలు తింటున్న కుర్రాడికి ఇవ్వడమేమిటి? ఇచ్చేస్తే ఆనాడు దాచుకున్నది ఎందుకు? మిల్లులో రంపం మోత కింద గడిచిన ఆ ఏళ్ళన్నీ ఎందుకు? ఆ గదికి తలుపు వేసుకున్నది తనే. బయట జనం దానిమీద బొమ్మలు గీసుకుంటున్నారు. తలుపు తీస్తే బొమ్మ చెరిగిపోతుంది, నిజమే, గది కూడా పోతుంది.

"అది నీకు అనవసరం బాబూ," అంది.

మతేవ్జ్ ఆనందం పట్టలేక లేచి నిలబడి ఆమె చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. రెండో వ్యాసం పేరే అది. "అది మీకు అనవసరం". నిజమైన విశ్వాసం సంతలో పెట్టుకునేది కాదనీ, ఆ టీచరు తన దేవుణ్ణి కమిటీ నుంచే కాదు, పొగిడేవాళ్ళ నుంచి కూడా కాపాడుకుందనీ రాశాడు. ఆ వాక్యాన్ని చర్చి కుర్రకారు బనీన్ల మీద అచ్చువేయించుకున్నారు.

బనీను చూసిన ఆదివారం తర్వాత యుస్తీనా చర్చికి వెళ్ళడం మానేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వెళ్ళలేదు, అంతే. ఇప్పుడైనా ఎవరో ఒకరు కోప్పడతారని ఆశపడింది. ఊరంతా ఒకటే అనుకుంది, ఆవిడకి ఒంట్లో బాగాలేదని. ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళు గిన్నెల్లో వేడివేడి గొడ్డుమాంసం చారు, అందులో సేమ్యాలు వేసి పట్టుకొచ్చేవారు. "లేవకండి, లేవకండి," అనేవారు, తలుపు తీసి నిలబడ్డ మనిషితో.

నెల మొదటి శుక్రవారం ఫాదర్ బెర్గాంత్ వచ్చాడు. రోగిష్టివాళ్ళ ఇళ్ళకి దివ్యసత్ప్రసాదం, పూజలో దీవించిన అప్పం, పట్టుకెళ్ళే రోజది. నడివయసు మనిషి, మోకాళ్ళ నొప్పులు, మాట తక్కువ.

"నాకు జబ్బేం లేదు ఫాదర్," అంది యుస్తీనా గుమ్మంలోనే.

"కనపడుతూనే ఉంది. నిచ్చెనెక్కి పందిరి మీది తీగ కత్తిరిస్తుంటే నిన్న చూశాను."

"మరెందుకొచ్చారు?"

ఫాదర్ చేతిలో ప్రసాదమున్న చిన్న వెండి డబ్బీ వైపు చూసుకున్నాడు. "రాకపోతే ఎందుకు వెళ్ళలేదని ఊళ్ళోవాళ్ళు అడుగుతారు. అప్పుడు మీ గురించి ఏదో ఒకటి చెప్పాలి. నాకు చెప్పాలని లేదు."

ఆమె పక్కకి తప్పుకుంది. కాఫీ పెట్టింది. డబ్బీ ఆయన జేబులోకి వెళ్ళిందే గానీ బల్ల మీదికి రాలేదు. కాసేపు కూర్చుని బీన్సు పురుగు గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ప్రతి నెలా అంతే. ఊరు తృప్తిపడింది. ఫాదర్ ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. ఆమె తనతో తను ఒప్పుకోవాల్సి వచ్చింది, మనుషుల్లో ఆ ఒక్కడితోనే ఊపిరాడుతోందని. అయినా అది తప్పించుకోవడం కాదు. ఇద్దరూ కలిసి అదే బోనులో కాఫీ తాగుతున్నారు.

చారు గిన్నెల నుంచి పారిపోవడానికి ఆదివారాలు రైలెక్కడం మొదలుపెట్టింది. పొద్దున్నే సిల్కా తన బుల్లి కారులో పట్నం స్టేషన్ దాకా దింపేది. "రోగిష్టిదాన్ని దొంగచాటుగా తోలుకెళ్తున్నాను. పట్టుబడితే నన్నే అంటారు," అని సణిగేది దారంతా. యుస్తీనా యెసెనిత్స దాకా వెళ్ళి, అక్కడ బండి మారి, బోహిన్ వైపు కొండల్లోకి వెళ్ళేది. కిటికీ పక్కన కూర్చుంటే ఎవరికీ ఆమె ఎవరో తెలీదు. సొరంగాలు, వంతెనలు, కింద పచ్చటి నది. ఆ కొన్ని గంటలు ఆమె ఎవరూ కాదు. అందుకోసమే వారమంతా ఎదురుచూసేది.

ఒక శరదృతువు ఆదివారం బండిలో ఎదురుగా ఒకావిడ కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో ప్లాస్టిక్ డబ్బాలో కోసిన ఆపిల్ ముక్కలు, ఒక్కటీ తినలేదు, నల్లబడిపోయాయి. చాలాసేపు యుస్తీనా వైపే చూసి, చివరికి అడిగింది.

"మీరు లోమ్నిత్స టీచరుగారు కదూ? పుస్తకంలో ఫొటో చూశాను."

కాదు అన్న మాట యుస్తీనా నాలుక చివరిదాకా వచ్చింది. అనేసి పక్క పెట్టెలోకి వెళ్ళిపోతే సరిపోయేది. కానీ అవతలి మనిషి కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

"అవును," అంది.

"మా అమ్మాయి ల్యుబ్లియానా ఆసుపత్రిలో ఉందండీ. సైకిలు మీద వెళ్తుంటే వాను గుద్దింది. ఇంకా కళ్ళు తెరవలేదు. ఆవుల్ని ఎవరూ చూసేవాళ్ళు లేక ఇంటికి వెళ్తున్నాను, మళ్ళీ సాయంత్రానికి వెళ్ళాలి." ఆవిడ డబ్బా మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. "మాకు నమ్మకాలు లేవు టీచరుగారూ. మా ఇంట్లో మా తాత కాలం నుంచీ ఎవరికీ లేవు. నిన్న ఆసుపత్రిలో చర్చి గదికి వెళ్ళి కూర్చున్నాను, మాట రాలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలీలేదు. నమ్మకం లేని మొహం పెట్టుకుని అడిగితే ఏం బాగుంటుంది? మీరు అడగండి. మీరు అన్నీ వదులుకున్నారు కదా, మీ మాట కాదనడు."

నేనూ నీలాంటిదాన్నే తల్లీ అని చెప్పడానికి ఇంతకంటే తగిన మనిషి పుట్టదు. ఏ దాపరికమూ లేకుండా, మొహానే తనకి నమ్మకం లేదని చెప్పేసిన మనిషి. ఆ మాట చెబితే ఆవిడకి మిగిలేది ఏమిటి? నల్లబడ్డ ఆపిల్ ముక్కలు.

"ఏం పేరు?" అంది.

"నేజా."

"సరే. అడుగుతాను."

ఆవిడ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. బిస్త్రిత్స స్టేషన్లో దిగేటప్పుడు ఆ డబ్బా సీటు మీదే మర్చిపోయింది. బండి కదిలి, పెద్ద సొరంగంలోకి దూరింది. దీపాలు ఒక్క క్షణం ఆరి వెలిగాయి. చక్రాల రొదలో యుస్తీనా పెదాలు కదిపి, "నేజా," అంది. ఎవరితో అంటోందో తెలీలేదు. ఇంకేమనాలో తెలీక మళ్ళీ అదే అంది.

అప్పట్నుంచి ప్రతి పొద్దున్నా కాఫీ పొయ్యి మీద పెట్టి ఆ పేరు పలుకుతుంది. మొదట్లో ఆ తల్లి మీద కోపమొచ్చేది. కమిటీ, మేయరు, మతేవ్జ్, అంతమందీ కలిసి చెయ్యలేని పని ఆవిడ రెండు స్టేషన్ల మధ్య చేసేసి దిగిపోయింది. ఒకరోజు కావాలనే మానేసింది. ఆ పగలంతా ఏ పనీ సాగలేదు, తను పలకనందుకే అక్కడ ఏదైనా జరిగి ఉంటుందేమోనని. మర్నాడు రెండుసార్లు పలికింది.

సిల్కాకి చెప్పింది.

"అయితే ప్రార్థన చేస్తున్నావన్నమాట," అంది సిల్కా స్టీరింగు వదలకుండా.

"పేరు పలుకుతున్నాను, అంతే."

"తేడా ఏమిటే?"

"తెలీదు. ముందు చూసి నడుపు."

"మతేవ్జ్‌తో పేపర్లో వేయించు, ఆవిడ ఎక్కడున్నా కబురు చేస్తుంది. పిల్ల ఎలా ఉందో తెలిస్తే నీ ప్రాణం కుదుటపడుతుంది."

"నీకు పుణ్యముంటుంది, వాడి పేరెత్తకు. మూడో వ్యాసం రాస్తాడు."

ఆ చలికాలంలో ఒక శుక్రవారం ఫాదర్ కాఫీలో పంచదార కలుపుతుంటే ఆమె గోడవైపు చూస్తూ అడిగింది.

"నమ్మకం లేనివాళ్ళు ఎవరి కోసమైనా అడిగితే అది చెల్లుతుందా ఫాదర్?"

ఆయన చెంచా ఆపాడు. "ఎవరికొచ్చింది ఈ సందేహం?"

"రైల్లో కలిసిన ఒకావిడకి."

"నాకూ తెలీదని చెప్పండి ఆవిడకి," అన్నాడు ఫాదర్. చెంచా సాసరులో పెట్టి, "మానెయ్యొద్దని కూడా చెప్పండి," అన్నాడు.

యుస్తీనా ఆదివారం రైలెక్కడం మానలేదు గానీ, ఎందుకు ఎక్కుతోందో ఆ కారణం మారిపోయింది. కిటికీ బయట నది ఉందో లేదో ఇప్పుడామె పట్టించుకోదు. బిస్త్రిత్స దగ్గరపడుతుంటే ముందే లేచి తలుపు దగ్గర నిలబడుతుంది. ప్లాట్‌ఫారం మీద ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ, స్కీలు మోసుకొచ్చే కుర్రాళ్ళు, పువ్వులు పట్టుకున్న ముసలాళ్ళు. ఒకసారి దూరం నుంచి చూసి నేజా తల్లే అనుకుని మెట్టు కిందకి దిగింది. కాదు, వేరెవరో. గార్డు ఈల వేశాడు.

"ఎక్కుతారా, ఉంటారా అమ్మా?" అన్నాడు.

కమ్మీ పట్టుకుని పైకెక్కి, తలుపు వేసుకుంది.